ఎవరి సుత్తి వారి చేతికే

పాతాళగండి అంచున నిలబడి కిందికి చూసినవాడికి కళ్లు తిరగలేదంటే, వాడు గద్దయినా అయి ఉండాలి, గుడ్డివాడైనా అయి ఉండాలి. రాజకుమారుడు అరిందముడు ఆ రెండూ కాదు గనుక ఒక్కసారి తొంగిచూసి గబగబా వెనక్కి అడుగేశాడు. ఇటు నల్లని కొండ, అటు నల్లని కొండ, నడుమ నిట్టనిలువు లోయ. అడుగున ఏముందో పొగమంచు కనిపించనివ్వదు. ఏదో ఏరు మాత్రం ఆబోతులా రంకెలు వేస్తోంది.

అవతలి ఒడ్డున రత్నకూటం. అబ్బ, ఏం నగరమది! అప్పుడే పొడిచిన సూర్యుడి లేతకిరణాలు సోకి పద్మరాగాలు తాపిన గోపురాలు ధగధగలాడుతున్నాయి. చంద్రకాంతశిలల మేడల మీద బంగారు నెమళ్లు పురివిప్పి ఆడుతున్నాయి. వైడూర్య తోరణాలు, పగడపు స్తంభాలు, వీధివీధినా గలగలమంటూ పన్నీటి కాలువలు. ఆ నగరాన్ని ఏలేవాడు మాంత్రికుడు కుహకేశ్వరుడు. దేశదేశాల కమ్మరులూ కంచరులూ శిల్పులూ తమ తమ రాజ్యాలు విడిచి అక్కడికే చేరారు. వెళ్లినవాళ్లే గాని తిరిగొచ్చినవాడు ఒక్కడూ లేడు.

అరిందముడు ఒంటికి బొగ్గుమసి పూసుకున్నాడు. మొలకు తోలుగుడ్డ చుట్టాడు. తన కత్తిని ఇనుప కడ్డీల కట్టలో దాచి భుజాన వేసుకున్నాడు. గుర్రాన్ని చెట్ల మాటున కట్టేశాడు. ఇక అతని చేతిసంచిలో పట్టుగుడ్డలో చుట్టి ఉన్నది ఒక పాత సుత్తి. ఆ సుత్తి కోసం రాజకుమారుడు ఎంత రభస చేసి వచ్చాడో ఇప్పుడే చెబుతాను గాని, ముందు ఆ వచ్చేదేమిటో చూడండి.

ఒక కంచు చిలుక, రెక్కలు కిర్రుకిర్రుమంటుండగా గండి మీదుగా ఎగిరొచ్చి ఎదుటి బండ మీద వాలింది. దాని కాలిగోళ్లలో జానెడు ఇనుప చీల ఉంది.

"ఎవరివోయ్ నువ్వు? ఏం పని వచ్చు?" అంది.

"కమ్మరిని. కొలిమి పని."

"మీ రాజు నీకేం తక్కువ చేశాడు? అది చెప్పు. ఇక్కడ రెట్టింపు దొరుకుతుంది."

దారి పొడవునా అల్లుకొచ్చిన అబద్ధాలన్నీ ఆ క్షణాన అరిందముడి బుర్రలోంచి ఎగిరిపోయాయి. నోటికి నిజమే వచ్చింది. "నా సుత్తి నా చేతికివ్వలేదు" అన్నాడు.

చిలుక కిచకిచమని నవ్వింది. "శోణపురివాడివేగా! ఆ ఊరివాళ్లంతా ఇదే పాట. రా నాయనా రా, మా దొర దగ్గర బంగారు సుత్తులు గుట్టలుగా పడున్నాయి."

అంటూనే అవతలి ఒడ్డుకు ఎగిరిపోయి, అక్కడి పెద్ద చక్రం రంధ్రంలో చీల దూర్చింది. కాపలా ఉన్న కంచు భటుడొకడు చక్రం తిప్పాడు. ఆకాశంలోకి లేచి ఉన్న వంతెన గొలుసులు గర్జిస్తుండగా దిగి ఇటు ఒడ్డును తాకింది. అరిందముడు దాటి వెళ్లగానే చిలుక చీలను ఊడబెరికి పట్టుకుపోయింది. చీల ఊడిందో లేదో చక్రం పట్టు వదిలేసింది, వంతెన వెనక కట్టిన బరువు రాళ్ల లాగుడుకు తానే పైకి లేచిపోయింది. లోపలికి రావడం ఇంత తేలికైన చోట బయటికి పోవడం ఎంత కష్టమో వేరే చెప్పాలా!

ఇక రాజకుమారుడు ఎందుకొచ్చాడంటారా? శోణపురికి ఎగువన ఘోషవతి నదికి అడ్డంగా పెద్ద ఆనకట్ట ఉంది. దాని మధ్య రాతి ఏనుగు, ఆ ఏనుగు కాళ్ల నడుమ కంచు తలుపు. ఊరివాళ్లు దాన్ని ఏనుగు తూము అంటారు. వాన ముదిరితే ఆ తలుపెత్తి నీరు వదలాలి, లేకపోతే కట్ట తెగి ఊరు ఊరంతా గంగపాలు. ఆ తలుపును పోతపోసినవాడు కంచరి చెన్నోజు. అతను కిందటేడు ఊరు విడిచి పోయాడు, తలుపు బిగుసుకుపోయింది. ఊళ్లోని మిగతా పనివాళ్లూ ఒక్కరొక్కరే అతని వెనకాలే పోయారు. ఇప్పుడు వానాకాలం నెత్తిమీదికొచ్చింది. అరిందముడు బయలుదేరేనాటికే నీరు రాతి ఏనుగు మోకాళ్లు దాటింది.

రాజసభ చేయవలసిన ప్రయత్నాలన్నీ చేసింది. గండి ఇవతల నిలబడి దండోరా వేయించింది. పల్లకీ ఇస్తామంది, అగ్రహారం ఇస్తామంది, శిల్పచక్రవర్తి బిరుదిస్తామంది. బదులు రాలేదు. కాలం చెడిపోయిందనీ, పనివాళ్లకు విశ్వాసం లేకుండా పోయిందనీ మంత్రులు తలలూపారు. పనితనాన్ని గౌరవిస్తున్నామని లోకానికి తెలియాలంటే నడివీధిలో కమ్మరి విగ్రహం ఒకటి నిలపాలని సేనాని సలహా ఇచ్చాడు. సభ చప్పట్లు కొట్టింది. తీరా చూస్తే ఆ విగ్రహం పోతపోయడానికి ఊళ్లో ఒక్కడూ మిగల్లేదు.

పరదేశపు కంచరులు కొందరు వచ్చారు, రాకేం? వచ్చిన రోజు సాయంత్రం కోటవాకిట వరసలో నిలబడ్డారు, మర్నాటికి మూటాముల్లె సర్దుకున్నారు. ఏమిటా వరస అని రాజకుమారుడికి అనుమానమొచ్చి వెళ్లి చూశాడు. శోణపురిలో అరిందముడి తాతగారి కాలం నుంచి ఒక ఆచారముంది. పొద్దుగూకగానే పనివాళ్లంతా తమ పనిముట్లను ఆయుధశాలలో అప్పగించాలి. దొంగచాటుగా శత్రువుకు పనిచేసి పెడతారేమోనని భయం. తెల్లారి మళ్లీ వరసలో నిలబడితే కోటాధికారి లోపలి గుట్టలోంచి చేతికందిన సుత్తి తీసి ఇస్తాడు. ఎవరి సుత్తి ఎవరికి పోయిందో అడిగే దిక్కు లేదు. సుత్తికి సుత్తి ఇస్తున్నాంగా, ఇంకేం కావాలంటాడు కోటాధికారి.

అరిందముడు ఆ గుట్టలోంచి ఒక సుత్తి ఎత్తాడు. దాని పిడి మీద ఎవరివో వేళ్ల గుంటలు పడి ఉన్నాయి. అతని వేళ్లు వాటిలో కూర్చోలేదు. మరొకటి ఎత్తాడు, అదీ అంతే. అప్పుడతనికి నడుమున వేలాడే తన కత్తి గుర్తొచ్చింది. చిన్ననాటి నుంచి పట్టి పట్టి పిడి అరిగి అతని పిడికిలి అచ్చు పడిపోయింది దాని మీద. దాన్ని ఎవరైనా ముట్టుకుంటేనే అతనికి ఒళ్లు మండుతుంది. ఇంకేం, చెన్నోజు పేరున్న తాటాకు చీటీ కట్టిన సుత్తి ఏదో చూసి తీసుకున్నాడు. రాజుగారి ఆనతి లేనిదే కుదరదని కోటాధికారి అడ్డుపడితే ఆయన మొలలోని తాళంచెవి లాగేసి, ఆయన్ను బయటే నిలబెట్టి, తలుపు తాళం వేసి గుర్రమెక్కాడు. ఆ తాళంచెవి ఇంకా అతని మొలలోనే ఉంది.

ఇదిగో, ఇదీ సంగతి. ఇప్పుడు రత్నకూటం వీధుల్లోకి పోదాం.

అరిందముడు ఆశ్చర్యంతో నోరు తెరుచుకునే నడిచాడు. ఎటు చూసినా ఉయ్యాల బల్లల మీద పట్టు పరుపులు, వెండి పళ్లేల్లో నేతి బూరెలు. ప్రతి ఇంటి ముందూ మేలిమి బంగారు దాగలి దిమ్మ, బంగారు సుత్తి. పనివాళ్లు హంసలు చేస్తున్నారు, నాట్యమాడే బొమ్మలు చేస్తున్నారు, గాలికి పాడే వీణలు చేస్తున్నారు. మూలమూలనా కంచు భటులు స్తంభాల్లా నిలబడి ఉన్నారు. ఇంత వైభవంలోనూ ఎవడి ముఖాన నవ్వు లేదేమిటా అని అతనికి వింతగా తోచింది.

ఒక పగడపు స్తంభాల ఇంటి అరుగు మీద నడివయసు ఆవిడొకతె తన పెనిమిటికి పెరుగన్నం కలిపి ముద్దలు పెడుతోంది. అతని చేతులు రెండూ ఒడిలో కదలకుండా పడి ఉన్నాయి. మణికట్టు వరకు బూడిదరంగు రాయి.

"ఏం చూస్తావయ్యా, కొత్తగా వచ్చావా?" అందావిడ. "చూడు, బాగా చూడు. రేపు నీకూ ఇదే గతి."

"ఏమైందమ్మా ఈయనకు?"

"ఏమవుతుంది! పొద్దస్తమానం చెమటోడ్చి ఏదో ఒకటి చేస్తారు. తెల్లారి కోడి కూసేసరికి అది కరిగి ముద్దైపోతుంది. మళ్లీ మొదలు. ఆ మాంత్రికుడికి మా వస్తువులు కావాలనుకున్నావా? వాడికి మేం ఇంకొకరికి దొరక్కుండా ఉంటే చాలు. పనికిరాని పని చేసీ చేసీ ముందు వేళ్ల కొసలు బిగుస్తాయి, ఆనక చెయ్యంతా రాయైపోతుంది. మా బొల్లోజు చేతులు పోయి నెలలైంది. ఈ ఈరమ్మ ఏం పాపం చేసిందో, కూరుచున్న చోటే ముద్దలు పెట్టుకుంటోంది."

"మరి కరగకుండా మిగిలేదేదీ లేదా?"

"ఎందుకు లేదు? వీళ్లు మిగిలారుగా!" ఈరమ్మ గడ్డంతో కంచు భటులను చూపింది. "మాకు కాపలా ఉండే భటులనూ పక్షులనూ మాత్రం మా చేతే గట్టిగా చేయించుకున్నాడు ముదనష్టపువాడు."

అరిందముడికి తన ఊరు కళ్లముందు కదలాడింది. "శోణపురి చెన్నోజు ఎక్కడుంటాడమ్మా?" అని అడిగాడు.

"పక్కిల్లే. ఆ తిట్లు వినపడ్డంలా?"

నిజమే, పక్కింట్లోంచి తిట్లు జోరుగా వస్తున్నాయి. పీచుగడ్డం, బాన పొట్ట, నిప్పుల్లాంటి కళ్లు ఉన్న ముసలాయన బంగారు హంసను చెక్కుతూ, ఆ హంసనూ బంగారు సుత్తినీ వాటిని సృష్టించిన దేవుణ్నీ కలిపి తిడుతున్నాడు. అరిందముడు దండం పెట్టి, పట్టుగుడ్డ విప్పి, సుత్తిని రెండు చేతులా అందించాడు.

చెన్నోజు తిట్టు మధ్యలో ఆగిపోయింది. చెయ్యి చాచాడు. పిడి పట్టుకున్నాడు. ఒక్క క్షణం, అంతే. ఆయన ముఖం మాడిపోయింది.

"ఇది నాది కాదు" అన్నాడు.

"చీటీ మీద మీ పేరే ఉంది తాతా!"

"చీటీకేం, కాకికి కడితే కాకి చెన్నోజైపోతుందా? మీ కోటాధికారి కట్టిన చీటీ అది! ఇంత దూరం పట్టుగుడ్డలో చుట్టి మోసుకొచ్చింది ఇంకొకడి సుత్తా?" ముసలాయన చటుక్కున అరిందముడి అరచెయ్యి పట్టి తిప్పాడు. "కొలిమి దగ్గర కాయలు కాసిన చెయ్యి కాదే ఇది. కత్తి పట్టిన కాయలివి. ఎవడ్రా నువ్వు?"

దాచి లాభం లేదనిపించింది. "అరిందముణ్ని. శోణపురి యువరాజును. ఏనుగు మోకాళ్లు మునిగాయి తాతా. తూము తలుపు తెరవడం మీకొక్కరికే తెలుసు. నాతో రండి."

చెన్నోజు పకపక నవ్వాడు. ఆ నవ్వులో ఎంత ఏడుపుందో అరిందముడికి వినిపించింది. "ఓహో, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వచ్చారన్నమాట! ఆ తలుపు తీసే సుత్తి ఎక్కడుందో తెలుసా? మీ గుట్టలోనే! తలుపుకు ఏడాదికోసారి కీళ్లు మెత్తబరచాలి. నా సుత్తి దెబ్బ బరువుకు అమర్చుకున్న కీళ్లవి. ఏ పూటకాపూట ఎవడిదో సుత్తి నా చేతిలో పెట్టి పొమ్మంటే ఏం చేసేది? నా సుత్తి నాకిమ్మని ఎన్ని పొద్దులు బతిమాలాను! 'నీ సుత్తికేమైనా కొమ్ములున్నాయా' అన్నాడు మీవాడు."

సరిగ్గా అప్పుడే గుమ్మంలో "అయ్యో!" అని కేక వినబడింది. ఈరమ్మ. తిట్లు ఆగిపోయాయేమిటా అని చూడ్డానికి వచ్చినట్టుంది, ముసలాయన చేతిలోని సుత్తి చూసి కొయ్యబారిపోయింది.

"అది మా ఆయనది! ఆ పిడికి చింతకొయ్య తెచ్చిచ్చింది నేనేనయ్యా! ఆ నల్లమచ్చ చూడండి, పొయ్యిలో పడబోతే నేనే లాగాను!"

ఎవరూ ఏమీ అనకముందే ఆవిడ దాన్ని లాక్కుని పరుగెత్తింది. వెనకాలే ఇద్దరూ పరుగెత్తారు. ఈరమ్మ పెనిమిటి ముందు మోకాళ్ల మీద కూర్చుని, రాతిచేతిలో సుత్తి పిడి ఆనించి, తన రెండు చేతులతో బిగించి పట్టుకుంది. "పట్టుకోయ్యా, నీదే" అంది ఏడుస్తూ.

కాసేపు ఏమీ కాలేదు. తరువాత టప్‌మని చిన్న చప్పుడైంది. బొల్లోజు బొటనవేలి మీద రాయి పగిలి పెచ్చులూడింది. లోపల ఎర్రని చర్మం. ఒక్కొక్క వేలే వంగి పిడి మీది గుంటల్లో కూర్చుంది. నెలల తరబడి మాట లేని ఆ మనిషి సుత్తిని ఎత్తి, అటూ ఇటూ ఊపి చూసి, "పిడి వదులైంది. నానబెట్టాలి" అన్నాడు.

ఈరమ్మ ఏడుస్తూనే నవ్వింది. అరుగుల మీది పనివాళ్లంతా పనులాపి లేచి నిలబడ్డారు. అరిందముడికి కళ్లు చెమర్చాయి, సిగ్గూ వేసింది. తన ఊళ్లో ఆ గుట్టలో ఇలాంటి చేతులు ఇంకెన్ని పడి ఉన్నాయో!

"చెన్నోజు తాతా, మీ సుత్తి మీ చేతికిచ్చే పూచీ నాది. రండి."

"మాటలకేం, చింతకాయలు రాలవుగా!" అన్నాడు చెన్నోజు. గభాలున ఇనుప కడ్డీల కట్ట లాగి, సందులోంచి పిడి కనిపిస్తున్న అరిందముడి కత్తి దూసి పుచ్చుకున్నాడు. "ఇది నా దగ్గరుంటుంది. నీకు కత్తికి కత్తి ఇస్తాలే." గోడకు వేలాడుతున్న రత్నాల పిడి ఖడ్గమొకటి అతని మీదికి విసిరాడు. "దాంతో ఈ ఊరు దాటించు, చూస్తాను. అప్పుడు తెలుస్తుంది నీకు మా బాధ."

అరిందముడి ముఖం ఎర్రబడింది. ఆ కత్తి అతని తల్లి ఇచ్చింది. అయినా పళ్లు బిగించి, "సరే, న్యాయమే" అన్నాడు.

అనడమే తరువాయి, నగరం నడిబొడ్డున గంట ఖంగుమంది. రాతిచేయి పగిలిన సంగతి మాంత్రికుడికి తెలిసిపోయింది. మూలమూలనా కంచు భటులు కళ్లు తెరిచారు. వీధి దద్దరిల్లేలా అడుగులు వేస్తూ వచ్చి పడ్డారు.

"వంతెన దగ్గరికి!" అరిచాడు అరిందముడు.

గుంపు పరుగందుకుంది. మొదటి భటుడు ఈటె పొడిచాడు. అరిందముడు పక్కకు తప్పుకుని ఖడ్గం ఝళిపించాడు. ఆ రత్నాల పిడి లావు, పిడికిట్లో ఇమడదు. బరువంతా కొసనే ఉంది. వేటు గురి తప్పి స్తంభానికి తగిలింది, మోచెయ్యి దాకా జివ్వుమంది. ఈటె చెవి పక్కనుంచి దూసుకుపోయి నాలుగు వెంట్రుకలు తీసుకుపోయింది.

"ఎలా ఉంది కత్తి?" పరుగెత్తుతూనే అడిగాడు చెన్నోజు.

"దరిద్రంగా ఉంది!"

"మాకు రోజూ అంతే! ఒరే, వాళ్ల మోకాళ్ల వెనక కొట్టు! ఆ కీళ్లు నేను చేసినవే, అక్కడ మెత్తన!"

అరిందముడు నేలమీద దొర్లి భటుడి మోకాలి వెనక పొడిచాడు. కంచు కాలు విరిగి వాడు బోర్లా పడ్డాడు. వెనకవాడు వాడి మీద పడ్డాడు. ఇరుకు సందులో కంచంతా గుట్టపడి దారి మూసుకుపోయింది. ఆ సందడిలో పన్నీటి కాలువలు దూకి, బంగారు నెమళ్లను తొక్కుకుంటూ అందరూ గండి ఒడ్డు చేరారు.

చేరితే ఏం లాభం? వంతెన ఆకాశంలో ఉంది. చక్రం పట్టుకుని తిప్పితే ఉత్తినే గిరగిరా తిరుగుతోంది. చీల లేదు.

గండిలోంచి ఆకుపచ్చని పొగ సుళ్లు తిరుగుతూ లేచింది. పొగలోంచి కుహకేశ్వరుడు ప్రత్యక్షమయ్యాడు. పాలవంటి వస్త్రాలు, గంధపు పూత, పెదవుల మీద తేనెలాంటి చిరునవ్వు. భుజాన కంచు చిలుక, దాని గోళ్లలో చీల.

"పాపం, ఎక్కడికి బాబూ ఈ పరుగు?" అన్నాడు లాలనగా. "ఇక్కడ మీకేం తక్కువైంది? ఈ కుర్రవాడు మీ యువరాజు. ఇతని వెంట పోతారు సరే, ఏనుగు తూము తెరుస్తారు. ఆ సాయంత్రమే మళ్లీ కోటవాకిట వరసలో నిలబడతారు. అవునా కాదా? అతన్నే అడగండి."

పనివాళ్ల అడుగులు తడబడ్డాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనకనున్నవాడొకడు మెల్లగా వెనక్కి మళ్లాడు. అది చూసి ఇంకొకడు మళ్లాడు. వీళ్లు కదలకపోతే శోణపురి లేదు, తల్లీ తండ్రీ లేరు, ఊయలల్లో పిల్లలు లేరు. అరిందముడు ఒట్టు వేద్దామని నోరు తెరిచి ఆగాడు. ఇలాంటి ఒట్లు తన తండ్రి దండోరాలో ఎన్ని వేయించలేదు!

"మాంత్రికుడు నిజమే చెప్పాడు" అన్నాడు గట్టిగా. "నా మాట నమ్మకండి. మా మాటలు మీరు చాలా విన్నారు." మొలలోంచి ఆయుధశాల తాళంచెవి తీశాడు. జానెడు పొడవు, గట్టి శోణపురి ఇనుము. "చక్రానికి చీల కావాలిగా? ఇదిగో. దీన్ని కొట్టి చీల చెయ్యండి. చీలైన తాళంచెవి మళ్లీ తాళం వెయ్యలేదు."

కుహకేశ్వరుడు విరగబడి నవ్వాడు. "వెర్రివాళ్లారా! కోటకు పోయి ఇంకో తాళంచెవి చేయించుకుంటాడు!"

"ఎవరితో చేయించుకుంటాట్ట?" అంది ఈరమ్మ నడుమున చేతులు పెట్టుకుని.

ముందు చెన్నోజు పొట్ట నవ్వుతో కదిలింది. పక్కవాడికి నవ్వు తెగులు తగులుకుంది. ఆ వెనకవాడికి. గండి అంచున పనివాళ్లంతా కడుపులు పట్టుకుని నవ్వారు. రత్నకూటంలో అంత నవ్వు అదే మొదలు. వెనక్కి మళ్లినవాళ్లు ముందుకొచ్చేశారు.

బొల్లోజు మాటామంతీ లేకుండా తాళంచెవి అందుకుని బండరాతి మీద పెట్టాడు. సొంత సుత్తి ఎత్తాడు. ఠంగు, ఠంగు, ఠంగు! తాళంచెవి పళ్లు చదునయ్యాయి, తల గుండ్రమైంది. చక్రంలో దూర్చి చెన్నోజు బలమంతా పెట్టి తిప్పాడు. వంతెన గర్జిస్తూ దిగసాగింది.

మాంత్రికుడి నవ్వు మాయమైంది. చిలుకను ఉసిగొల్పాడు. అది బాణంలా దూకి చీలను ముక్కుతో లాగబోయింది. బొల్లోజు అప్పటికే చీల రెండో కొసను కూడా కొట్టి వెడల్పు చేసేశాడు, ఇక అది ఎటూ ఊడదు. చిలుక ముక్కు వంకరపోయింది.

"పరుగెత్తండి!"

గుంపు వంతెనెక్కింది. కంచు భటులు సందులోంచి బయటపడి తరుముకొస్తున్నారు. అరిందముడు వెనకాల నిలిచాడు. రత్నాల ఖడ్గం ఒక్క దెబ్బకు రెండు ముక్కలైంది. ముందున్న భటుడు గండ్రగొడ్డలి ఎత్తాడు.

"రాచబిడ్డా!" వంతెన నడుమ నుంచి చెన్నోజు అరుపు. "ఇదిగో, పట్టు!"

తళుక్కుమంటూ గాలిలో తిరుగుతూ వచ్చింది అతని కత్తి. అరిందముడు అందుకున్నాడు. పిడి అరచేతిలో కూర్చుంది. ఆ తరువాత ఏం జరిగిందో కంచు భటులకు అర్థమయ్యే లోపే ముగ్గురు మోకాళ్లు తెగి గండిలోకి పడిపోయారు. వెనక్కి వెనక్కి నడుస్తూ, నరుకుతూ అతను ఇవతలి ఒడ్డు చేరాడు. చేరగానే కంచరులు ఒడ్డుకు తగులుకున్న వంతెన కొక్కేలను ఎత్తిపడేశారు. వంతెన గొలుసుల మీద ఊగుతూ అవతలి కొండకు గుద్దుకుంది. మిగిలిన భటులు లోయలోకి రాలారు.

అందరూ చెట్ల నీడన కూలబడి రొప్పుతుండగా, దూరాన కొండ మీది కాపలావాడు కొమ్ముబూర ఊదాడు. ఆ వెనక కొండ మీద మరొకటి. శోణపురి నుంచి కొండకొండకూ అందుకుంటూ వస్తున్న సంకేతమది. చెన్నోజు చెవి ఒగ్గి విన్నాడు.

"నీరు ఏనుగు తొండం ఎక్కింది" అన్నాడు. "నుదుటికొచ్చే లోపు తూము తెరవాలి. నా సుత్తి కావాలి. ఆయుధశాల తాళంచెవేమో చీలైపోయి చక్రంలో ఉంది. తలుపెలా తీస్తావు?"

"పగలగొడతాను."

"దేంతో?"

అరిందముడు సుత్తి కోసం చుట్టూ చూశాడు. బంగారు సుత్తులు అవతలే పడి ఉన్నాయి. ఉన్నది ఒక్కటే. బొల్లోజు దాన్ని గుండెకు హత్తుకున్నాడు.

"అది మాత్రం అడక్కు బాబూ" అంది ఈరమ్మ నెమ్మదిగా.

"అడగనమ్మా" అన్నాడు అరిందముడు. "ఇంక ఎప్పుడూ అడగను."

వంగి దారి పక్కనున్న బండరాయి ఒకటి ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. చెన్నోజును గుర్రమెక్కించి కళ్లెం పట్టుకుని కొండ దిగడం మొదలుపెట్టాడు. పనివాళ్లంతా వెనకాలే నడిచారు. మలుపు తిరిగేసరికి గుర్రం ముందుకాళ్లు ఎత్తి సకిలించింది. దారి ఉండవలసిన చోట దారి లేదు. కొండకూ కొండకూ నడుమ ఎగువ వానలకు పొంగిన ఎర్రటి వరద చెట్లను పెళ్లగిస్తూ పారుతోంది. వెనక ఆకాశంలో కిర్రుకిర్రుమంటూ వేల రెక్కల చప్పుడు. కుహకేశ్వరుడు తన కంచు పక్షులన్నిటినీ వదిలాడు.

"రాయి పారెయ్యరా, ఈదలేవు!" అరిచాడు చెన్నోజు.

ఆయుధశాల తలుపు పగిలేదాకా వదలనన్నట్టు అరిందముడు రాయిని నడుముకు తాడుతో బిగించి కట్టుకున్నాడు. కత్తి పళ్ల మధ్య కరిచి, గుర్రం తోక పట్టుకుని వరదలోకి దిగాడు.